విజ్ఞాపనలో ఒక ఒత్తు

వికారాబాద్ జంక్షన్‌లో పొద్దున ఏడు దాటింది. జనవరి చలికి ప్లాట్‌ఫాం మీద అందరి చేతుల్లోనూ టీ గ్లాసులే. మీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే తాండూరు వైపు పోయే బండి వచ్చి ఆగుతుంది. ఎక్కండి, కిటికీ పక్కన చోటుంది. ఎదుటి సీట్లో మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కాగితాలు. పక్కన ఇంటర్ చదివే ఈడు మనవరాలు, చేతిలో ఫోను.

"ఎందాక కాకా?"

"తాండూర్‌కే. బిడ్డ ఇంటికాడ నాలుగు దినాలుండి పోతున్న. భూమి కాగితంల తప్పు పడ్డదంట. నాది 'ఆ'. గాల్లు 'అ' అని రాసిండ్రు. దరఖాస్తు పెట్టాలె."

సర్వే నంబరు సంగతి అది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఒకే నంబరు అ, ఆ, ఇ అని ముక్కలవుతుంది. ఆయన వాటా 'ఆ'. ఒక్క దీర్ఘం తప్పితే చెలక ఇంకొకరి పేరు కింద చూపిస్తుంది.

బండి కదిలింది. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల మీద మంచు ఇంకా విడలేదు. ధారూర్ దాటాక చెట్లు దగ్గరపడ్డాయి. పిల్ల ఫోనులో గుండ్రం తిరుగుతూనే ఉంది.

"సిగ్నల్ పోయింది తాతా."

సిగ్నల్ పోవడం ఈ దారికి కొత్త కాదు. 2010 ప్రాంతంలో ఇదే కిటికీ పక్కన కూర్చుని, కీప్యాడ్ ఫోనులో నేను తెలుగు చదవడానికి తంటాలు పడేవాణ్ణి. ఆ ఫోనులో తెలుగు అక్షరాలు లేనే లేవు. ఏ పేజీ తెరిచినా వరసగా ఖాళీ డబ్బాలు. అప్పుడో మిత్రుడు ఒక చిట్కా చెప్పాడు, ఇప్పటికీ వేళ్లకు గుర్తుంది. ఒపేరా మినీ తెరిచి, అడ్రసు కొట్టే చోట ఒపేరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టాలి. ఆరు మూడుసార్లు, ఏడు ఒకసారి, మూడు రెండుసార్లు, ఏడు మూడుసార్లు, రెండు ఒకసారి. అక్కడికి 'ఒపేరా' అయింది. మిగతాది కూడా అట్లాగే నొక్కుకుంటూ పోతే మామూలుగా ఎవరికీ కనిపించని సెట్టింగుల పేజీ ఒకటి తెరుచుకుంటుంది. సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని అందులో ఒక వరస. 'నో' అని ఉన్నదాన్ని 'ఎస్' చేసి, సేవ్ కొట్టి, పేజీని మళ్లీ తెరవాలి.

డబ్బాలు పోయి తెలుగు వచ్చింది. కాస్త మసక, కాస్త చిన్న. అయినా గుడింతాలు గుడింతాల్లాగే, ఒత్తులు కిందికి దిగి. బండి ఊగుతుంటే ఫోనును ముక్కుదాకా తెచ్చుకుని చదివిన ఆ మొదటి పేజీ నాకు మరపు రాదు.

దాని వెనక పనితనం చూడండి. ఒపేరా నార్వే కంపెనీ. 2006 జనవరిలో ఒపేరా మినీని ప్రపంచమంతటికీ ఇచ్చింది. పేజీ నేరుగా ఫోనుకు రాదు. ముందు కంపెనీ సర్వరుకు పోతుంది, అక్కడ నలిగి, చిన్నదై, అప్పుడు ఫోనుకు వస్తుంది. సిగ్నల్ అందీ అందని ఇలాంటి దారుల్లో పేజీ తెరుచుకునేది అందుకే. ఆ సెట్టింగు మార్చామంటే సర్వరు తెలుగు అక్షరాలను చిన్న చిన్న బొమ్మలుగా గీసి పంపుతుంది. ఫోనుకు తెలుగు రాదు, రావలసిన పనీ లేదు, బొమ్మ చూపిస్తే చాలు. పెద్ద కంపెనీలు పెద్ద ఫోన్ల వెంట పడ్డ రోజుల్లో, చవక ఫోను పట్టుకున్నవాడు కూడా చదువుతాడని నమ్మిన ఒక చిన్న కంపెనీ చేసిన పని ఇది. ఆ కంపెనీకి నేను రుణపడి ఉన్నాను.

రుక్మాపూర్ దాటింది. కాసేపటికి తాండూరు. దిగగానే నాపరాయి కనిపిస్తుంది: పేర్చిన బండలు, లారీల మీద బండలు, పాలిషింగ్ యూనిట్ల దగ్గర నీళ్లలో కలిసి కాలువ కట్టిన బూడిదరంగు పొడి. కందుల కాలం కూడా. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది ఇదే. సంచులతో ఆటోలు మార్కెట్ దిక్కు పోతున్నాయి. ఆటోవాడు ఒకరితో ఉర్దూలో, ఒకరితో తెలుగులో, ఫోనులో కన్నడంలో మాట్లాడుతూ బండి తిప్పుతున్నాడు. కర్ణాటక సరిహద్దు పక్కనే.

కాకా, మనవరాలు ఆన్‌లైన్ సెంటరుకు నడుస్తున్నారు. మనమూ పోదాం.

చిన్న గది. జెరాక్స్ మిషను, లామినేషన్ మిషను, ఒక కంప్యూటరు, గోడకు పాస్‌పోర్టు ఫొటోల నమూనా. నలభై ఏళ్ల ఆపరేటరు స్వెట్టర్‌లోనే కూర్చున్నాడు. ముందు ఇద్దరున్నారు: స్కాలర్‌షిప్పు కోసం ఒక అబ్బాయి, పాన్ కార్డు కోసం ఒక అక్క. మీరు గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చోండి, తెర కనిపిస్తుంది.

తెర మీద మూడు గుర్తులు: క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్. అబ్బాయి పని క్రోమ్‌లో అయిపోయింది. అక్క పనికి ఎడ్జ్ తెరిచి, అందులో మళ్లీ పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పద్ధతికి మార్చాడు. "ఈ సైటు పాతది అక్కా. దీంట్లనే తెరుస్తది." ఆ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ విరమింపజేసింది. అయినా దానికోసం రాసిన సైట్లు ఇంకా మిగిలి ఉండటంతో ఎడ్జ్ కడుపులో దాన్ని దాచి ఉంచారు. ఒకప్పుడు యూఎస్‌బీలో పెట్టే డిజిటల్ సంతకం కీ పనిచేయాలన్నా ఎక్స్‌ప్లోరరే దిక్కు. యాక్టివెక్స్ అనే సరంజామా దాంట్లో తప్ప ఇంకెక్కడా నడవదు. జావా మీద నడిచే సైట్లకు మిగతా బ్రౌజర్లు కొన్నాళ్లు చోటిచ్చాయి గానీ, 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ తలుపూ మూసేశాయి. భద్రతకు అది మంచిదే. మధ్యలో నలిగింది మాత్రం ఇలాంటి గదుల్లో కూర్చున్నవాళ్లు.

కాకా వంతు వచ్చింది.

"చెప్పు పెద్దాయనా."

"తహసీల్దార్ సాబుకు రాయి బిడ్డా. తెలుగులనే రాయి, నేను చదువుకోవాలె."

ఆపరేటరు క్రోమ్‌లో కొత్త పేజీ తెరిచాడు. ఇంగ్లిషు మీటలు కొడుతుంటే తెర మీద తెలుగు పడుతోంది. మొదటి మాట: విజ్ఞాపన.

ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. నా కథంతా అందులోనే ఉంది.

2007. ఇదే తాండూరు. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టిన నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటరు, గంట లెక్కన డబ్బు. అన్ని తెరల మీదా నీలం రంగు 'ఈ' గుర్తు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో రూపం 2001లో వచ్చింది. ఏడోది 2006 అక్టోబరు దాకా రాలేదు. పోటీ బ్రౌజరు నెట్‌స్కేప్‌ను ఓడించాక ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా తన చేతిలోనే ఉంటే ఇక తొందరేముంది? అయిదేళ్లు ఇంటర్నెట్ ముఖం మారలేదు.

నేను ఆ సెంటరులో ఫైర్‌ఫాక్స్ వేయించుకుని ఒక తెలుగు దినపత్రిక సైటు తెరిచాను. తెర మీద తెలుగు లేదు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఫ్రెంచి అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తులు. నెట్ సెంటరు కుర్రాడు భుజం మీదుగా చూసి, "అన్నా, గది పేపర్లకు పనికిరాదు, ఈ మీద నొక్కు" అన్నాడు.

అతని మాట నిజమే. అప్పట్లో ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఫాంటు ఉంటే ఆ గడిలో తలకట్టు కనిపిస్తుంది, లేకపోతే అసలు అక్షరమే బయటపడుతుంది. పేజీతో పాటు ఫాంటు కూడా దిగి వచ్చే ఏర్పాటు 1997లోనే నెట్‌స్కేప్, ఎక్స్‌ప్లోరర్ రెండూ చేశాయి, పంతానికి చెరో పద్ధతిలో. నెట్‌స్కేప్ పోయింది. ఎక్స్‌ప్లోరర్ పద్ధతి ఎక్స్‌ప్లోరర్‌కే చెల్లింది. దాంతో తెలుగు చదవాలంటే ఒక్కటే గుమ్మం. ఇంకా ఘోరం, ఆ తెలుగు కంప్యూటరు లెక్కలో తెలుగే కాదు. వెతికితే దొరకదు, కాపీ చేసి ఇంకోచోట పెడితే మళ్లీ అవే చుక్కలు, గీతలు.

అప్పుడు నేను ఫైర్‌ఫాక్స్‌కు ఒక చిన్న పొడిగింపు దించుకున్నాను. దాని పేరు పద్మ. రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. ఈనాడు, వార్త లాంటి పత్రికల సొంత ఫాంట్లలోని ఒక్కో ముక్క ఏ తెలుగు అక్షరమో పద్మకు తెలుసు. పేజీ తెరుచుకుంటుండగానే ఆ ముక్కలన్నిటినీ ఏరి, కంప్యూటరు లెక్కలోనూ తెలుగే అయిన యూనికోడ్‌లోకి మార్చి పెడుతుంది.

మార్చింది గానీ ఒత్తులు విడిపోయాయి. జ పక్కన ఒక పొల్లు, దాని పక్కన ఒక ఞ, మూడూ వేర్వేరుగా. కుర్రాడికి ఉత్సాహం వచ్చింది. కంట్రోల్ ప్యానెల్ తెరిచాడు. భాషల పేజీలో, సంక్లిష్ట లిపులకూ కుడి నుంచి ఎడమకు రాసే లిపులకూ కావలసిన ఫైళ్లు వేయాలా అని ఒక గడి ఉంటుంది. టిక్కు పెట్టాడు. విండోస్ సీడీ అడిగింది. సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఓనరుకు ఫోను చేసి, బీరువా వెతికి, నాలుగు సినిమా సీడీలు పెట్టి తీసి, చివరికి అసలుది పట్టుకొచ్చాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాం. ఫైర్‌ఫాక్స్, పత్రిక సైటు. చుక్కలూ గీతలూ ఒక్క క్షణం మెరిసి, పై నుంచి కిందికి పేజీ మొత్తం తెలుగైంది. ఞ బుద్ధిగా జ కిందికి దిగింది.

కుర్రాడు మౌసుతో ఒక హెడ్డింగు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టాడు. అక్కడా తెలుగే. "అరె, నిజంగనే తెలుగు అన్నా!" అన్నాడు.

ఆ కుర్రాడే ఇప్పుడు స్వెట్టరు వేసుకుని కాకా విజ్ఞాపన కొడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే, యూనికోడ్ తెలుగు చాలా ఇళ్లకు మొదట వచ్చింది మైక్రోసాఫ్ట్ చేతుల మీదుగానే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆ కంపెనీలో తెలిసినవాళ్లు లేక కాదు ఎక్స్‌ప్లోరర్ అయిదేళ్లు నిద్రపోయింది. తట్టి లేపేవాడు లేక. ఓడిపోయిన నెట్‌స్కేప్ 1998లో తన కోడును అందరికీ తెరిచి పెట్టింది, దాని నుంచి మొజిల్లా, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ వచ్చాయి. ఎవరైనా పొడిగింపు రాసుకోవచ్చన్న గుమ్మం ఉండబట్టే నాగార్జున గారి లాంటివారు లోపలికి రాగలిగారు. అప్పుడు గానీ ఎక్స్‌ప్లోరర్ ఏడో రూపానికి కదలిక రాలేదు. ఫాంటు పేజీతో పాటు దిగే ఏర్పాటు కూడా మళ్లీ ఊపిరి పోసుకుంది. 2008లో సఫారీ, 2009లో ఫైర్‌ఫాక్స్, ఆ వెంటనే క్రోమ్ దాన్ని తీసుకున్నాయి, ఈసారి అందరికీ ఒకటే పద్ధతి. పత్రికలు ఒక్కొక్కటే యూనికోడ్‌కు మారాయి. పద్మ పని తీరిపోయింది.

"ఓటీపీ వచ్చిందా చూడు పెద్దాయనా."

కాకా చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. జియోఫోను, మీటలు అరిగిపోయినది. పిల్ల అంకెలు చదివింది.

ఆ ఫోను ఒకసారి చేతిలోకి తీసుకోండి. 2017లో వచ్చిన ఆ ఫోనులో నడిచేది కైఓఎస్. మొజిల్లా ఒకప్పుడు చవక ఫోన్ల కోసం ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అని ఒకటి చేసి, అమ్ముడుపోక వదిలేసింది. ఆ వదిలేసిన కోడు మీద కట్టిందే కైఓఎస్. దాని లోపలి ఇంజను ఫైర్‌ఫాక్స్‌దే. నెట్‌స్కేప్ వంశం తాండూరు మండలంలో ఒక రైతు జేబులో బతికి ఉంది. కాకాకు ఆ సంగతి చెప్పాను. "మంచిగనే నడుస్తది" అన్నాడు, మళ్లీ జేబులో పెట్టుకుంటూ.

ఇక తెర మీది ఆ మాట. విజ్ఞాపన అంటే మనకు నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు ఎనిమిది గుర్తులు: వ, గుడి, జ, పొల్లు, ఞ, దీర్ఘం, ప, న. దీర్ఘం ఞ తర్వాత వస్తుంది గానీ పోయి జ నెత్తిన కూర్చోవాలి. ఞ ఒత్తుగా మారి జ కిందికి దిగాలి. ఈ సర్దుబాటు చేసే సాఫ్ట్‌వేరు పేరు హార్ఫ్‌బజ్. దాన్ని ఇన్నేళ్లుగా నడిపిస్తున్నవాడు ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్. పేరు ఫారసీది: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. వరసలో నిలబడ్డ ఒక టోపీ పెద్దాయన ఈ మాట విని, "హర్ఫ్ అంటే అక్షరమే కదా సాబ్, మాకు తెల్వదా" అన్నాడు. ఉర్దూ వినిపించే ఈ ఊళ్లో ఆ పేరుకు అర్థం చెప్పాల్సిన పనే లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వ్యాపారంలో పోటీదారులే, తెలుగు ఒత్తును దించే పని దగ్గర మాత్రం ఇద్దరూ వాడేది ఈ ఒక్క హార్ఫ్‌బజ్‌నే. పోటీలో నాకు నచ్చే సంగతి ఇది. గెలిచినవాడి దగ్గరే కాక, అందరి దగ్గరా మిగిలిపోయే సరుకు ఒకటి పుడుతుంది.

అలా లేని చోట ఏమవుతుందో కూడా ఈ జ్ఞా అక్షరమే చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కుప్పకూలాయి. జ్ఞ తర్వాత కంటికి కనిపించని ఒక విడగొట్టు గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసలో ఎవరైనా సందేశం పంపితే దాన్ని గీయబోయి యాప్ పడిపోయేది. తెలుగు అక్షరం ఫోనును చంపుతోందని ప్రపంచమంతా రాశారు. తప్పు అక్షరానిది కాదు, గీసే యంత్రానిది. ఫిబ్రవరి 19న ఆపిల్ సరిచేసింది. ఐఫోనులో ఏ బ్రౌజరు పెట్టుకున్నా లోపల ఆపిల్ ఇంజనే ఉండాలన్నది ఆ కంపెనీ నియమం. 2024లో యూరప్‌లో చట్టం అమల్లోకి వచ్చాకే, అదీ అప్పటికి అక్కడి వరకే, కాస్త సడలించింది. ఊరికి ఒక్కటే బావి అయితే అందులో ఏం పడ్డా ఊరంతా ఎండాల్సిందే.

అందుకే ఆపరేటరు తెర మీది మూడు గుర్తులను చూస్తే నాకు దిగులు. క్రోమ్, ఎడ్జ్ రెండూ ఇప్పుడు లోపల ఒకటే. మనం దిగి వచ్చిన బండిలాగా బోగీలు వేరు, లాగే ఇంజను ఒకటి. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన సొంత ఇంజనును వదిలి, క్రోమ్‌కు పునాది అయిన క్రోమియంకు మారుతున్నామని చెప్పింది. 2020 జనవరి 15న కొత్త ఎడ్జ్ వచ్చింది. అప్పుడు ఆ కంపెనీని నడుపుతున్నది సత్య నాదెళ్ల, ఇక్కడికి రెండున్నర గంటల దూరంలో బేగంపేటలో చదువుకున్న మనవాడు. ఒపేరా అంతకుముందే, 2013లో, తన ఇంజనును వదిలేసింది. నాకు రైల్లో తెలుగు చూపించిన ఒపేరా. మన ప్రభుత్వం 2023లో స్వదేశీ బ్రౌజరు పోటీ పెట్టింది. డిజిటల్ సంతకం కీలు బ్రౌజరులోనే పనిచేయాలన్నది అందులో ఒక కోరిక, ఈ గదిలో కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది. 2025 మార్చిలో జోహో వారి ఉలా కోటి రూపాయల బహుమతి గెలిచింది. ఉలా అంటే తమిళంలో విహారం. మన తెలుగు ఔత్సాహికులు బ్రౌజరుకు పెట్టుకున్న పేరు విహరిణి. పేరు ముచ్చటగా కలిసింది. ఉలా లోపల ఉన్నదీ క్రోమియమే.

క్రోమ్ మీద నాకు కోపం లేదు. 2008 సెప్టెంబరులో అది వచ్చాకే, ఒక ట్యాబ్ పడిపోతే మిగతావి నిలబడటం మొదలైంది. సగం నింపిన దరఖాస్తు పోయి ముఖాలు చూసుకున్న రోజులు ఇలాంటి సెంటర్లు మరిచిపోలేదు. కానీ వేరే ఇంజన్లంటూ ఇప్పుడు నిలిచినవి ఆపిల్‌దీ, మొజిల్లాదీ. రేపు తెలుగు ఒత్తుకు ఏదైనా అయితే, ఇంకొకరు ముందు సరిచేస్తారన్న భయం ఉంటేనే పెద్దవాడు పరుగెత్తుతాడు. తొందరపెట్టడానికి మన సంఖ్య ఎప్పుడూ చాలలేదు. మన తరఫున తొందరపెట్టింది పోటీయే.

ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. వేడి తగ్గకముందే కాకా అందుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి, చూపుడు వేలు పెట్టి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. విజ్ఞాపన. తహసీల్దారు గారికి. ఊరి పేరు. తండ్రి పేరు. వేలు సర్వే నంబరు దగ్గర ఆగింది.

"బిడ్డా, గీడ మల్ల 'అ' కొట్టినవ్."

ఆపరేటరు వంగి చూశాడు. నాలుక కరుచుకున్నాడు. తెర మీద ఆ చోట క్లిక్ చేసి, 'అ' చెరిపి, ఇంగ్లిషు మీట రెండుసార్లు నొక్కాడు. ఆ. రెండో కాగితం వచ్చింది. కాకా మళ్లీ మొదటి నుంచీ చదివాడు, వేలు ఎత్తకుండా. చదవడం అయ్యాక కాగితాన్ని కవరులో పెట్టి మనవరాలికి ఇచ్చాడు.

"పాతది చింపెయ్" అన్నాడు.